గ్రీకు జానపద కళ – నేటి రూపకల్పన

గ్రీసు దేశమనగానే మన మనస్సునకు తోచునవి పాలరాతి స్తంభములు, విరిగిన విగ్రహములు. వానిని చూడబోయిన యాత్రికునకు ఏథెన్సు అంగళ్లలో మరియొక గ్రీసు ఎదురగును. దీవులలోని పల్లెటూరి ఆడువారు తమ పెండ్లి సామగ్రికై కుట్టుకొనిన పువ్వులు, ఓడలు, కోడిపుంజులు నేడు కండువాల మీదను, చేతిసంచుల మీదను అచ్చుపడుచున్నవి. నేటి రూపకర్తలు పాత కళను వాడుకొనుట తప్పని మేము చెప్పము. వారు దానినుండి తీసికొనినది ఏమి యన్నదే మా ప్రశ్న.

నాక్సోసు దీవి కుట్టుపనిని చూడుడు. దానిలో సాధారణముగా రంగు ఒక్కటే, ఎఱుపు. అడుగు గుడ్డ కనబడకుండ పట్టుదారముతో కప్పివేయుదురు. ఒక్క రంగులో ఆకెట్లు తెలియునని శ్రోతలు అడుగవచ్చును. ఒక ఆకులో కుట్టు నిలువుగా సాగును, ప్రక్క ఆకులో అడ్డముగా సాగును. పట్టుమీద వెలుతురు పడు తీరు మారి, అదే ఎఱుపు ఒకచోట ముదురుగను, ఒకచోట లేతగను తోచును. చూచువారు కదలినకొలది ఆకులును మారుచుండును. ఈ నమూనాను ఛాయాచిత్రము తీసి గుడ్డపై అచ్చువేసినచో మిగులునది ఎఱ్ఱని మచ్చయే. బొమ్మ వచ్చినది, పని రాలేదు.

ఖియోసు దీవిలోని పిర్గి గ్రామములో ఇండ్ల గోడల నిండ నలుపు తెలుపుల త్రికోణములు, వృత్తములు ఉండును. నల్లని ఇసుక కలిపిన గచ్చు పూసి, పైన సున్నము కొట్టి, అది ఆరకముందే ఫోర్కుతో గీకి లోపలి నలుపును బయటపెట్టుదురు. ఆరిన పిమ్మట దిద్దుబాటు లేదు. కాగితముపై తీరికగా దిద్దిన నకలులో ఆ బిగువు ఎట్లు వచ్చును?

ఈ భేదమును గ్రహించినవాడు దిమిత్రిస్ పికియోనిస్ (1887–1968) అను వాస్తుశిల్పి. ఆంజెలికి హాజిమిఖాలి అను విదుషి స్కీరోసు దీవి కళపై గ్రంథము వెలువరించిన 1925లోనే, ఈయన జానపద కళను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఆమె వెదకి వ్రాసిపెట్టినది. ఈయన కట్టి చూపెను. 1954 నుండి 1957 వరకు ఆక్రోపొలిస్ పరిసరములలోను, ఫిలోపాపూ గుట్టమీదను ఈయన బాటలు వేయించెను. అప్పుడు ఏథెన్సులో పాత ఇండ్లను కూల్చి, అనేక కుటుంబములకు సరిపడు మేడలు కట్టుచుండిరి. ఆ ఇండ్ల రాళ్లను, పాలరాతి ముక్కలను తెప్పించి, పనివారి నడుమ నిలిచి, అక్కడికక్కడ తీరు నిర్ణయించుచు వానిని పొదిగించెను. పల్లెమేస్త్రి వలె చేతికందిన రాతితో, ఆ రాతి ఆకారమునకు ఒదిగి పనిచేయుట ఆయన పద్ధతి. మా దృష్టిలో జానపద కళను నిజముగా అందుకొనుట ఇదియే.

బట్టల విషయమునకు వత్తము. 2021 జూనులో పారిస్ నగరపు డియోర్ సంస్థ ఏథెన్సులోని పాలరాతి క్రీడారంగమునందు తన దుస్తులను ప్రదర్శించెను. వానిలో కొన్నింటికి పట్టుబట్ట గ్రీసు ఈశాన్యపు అంచుననున్న సూఫ్లీలో నేయబడినది. పట్టుపురుగుల పెంపకమునకు పేరొందిన ఆ ఊరు కృత్రిమపు దారములు వచ్చిన పిమ్మట చితికినది. అచ్చుగుడ్డ ఎన్ని గజములు అమ్ముడైనను నాక్సోసు కుట్టుపనివారికి ముట్టునది లేదు; సూఫ్లీ మగ్గముమీది ప్రతి గజమునకును కూలి ముట్టును. అందుచేత ఈ పనిని మేము మెచ్చుచున్నాము. అయితే అట్టి సంస్థల మోజు ఋతువు ఋతువునకు మారునది. మరుసటి యేడు ఆ మగ్గమునకు పని ఎవరిత్తురన్న మాట ఆ ప్రదర్శనతో తేలలేదు.