“అట” అనే మాట



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. 2016 దాకా ఈ మూడూ వరంగల్ జిల్లాలోనివే. ఈ వైపు పల్లెల్లో ఒక మాట మనుషుల ప్రాణాలు తీసింది. ఆ మాట “చేతబడి”.

అది ఎట్లా మొదలవుతుంది? ఒక ఇంట్లో పిల్లకు జ్వరం తగ్గదు. బోరింగు కాడ ఒకామె అంటుంది: “పక్కింటి ముసలామెకు మంత్రాలు వస్తయట.” నాటు వేసే కాడ ఇంకొకామె కలుపుతుంది: “రాత్రి నిమ్మకాయలు కోసిందట.” కల్లు దుకాణం చేరేసరికి “అట” పోతుంది. “ఆమే చేసింది” అంటారు. కర్రలు పట్టుకొని ఆమె ఇంటి మీదికి పోతారు.

ఎవరూ చూడలేదు. అందరూ విన్నారు, అంతే.

ఇట్లాంటి నింద ఎక్కువగా దిక్కులేని వాళ్ల మీదనే పడుతుంది. భూమి తగాదా ఉన్నా పడుతుంది.

జార్ఖండ్‌లో ఛుట్నీ దేవిని 1995లో మంత్రగత్తె అన్నారు. కొట్టారు. ఆమె ఊరు విడిచింది. కానీ ఊరుకోలేదు. ఇదే నింద పడ్డ ఎందరో ఆడవాళ్లకు అండగా నిలిచింది. 2021లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ప్రకటించింది.

మంత్రాలతో జబ్బు రాదు. దోమలతో వస్తుంది, పాడు నీళ్లతో వస్తుంది. పిల్లకు జ్వరం వస్తే దవాఖానకు తీసుకుపోవాలి.

రేపు ఎవరైనా “అట” అంటే ఒక్క మాట అడగండి: “అక్కా, నువ్వు చూసినవా?” చూడలేదంటే ఆ మాటను అక్కడే ఆపండి. ఎవరినైనా కొట్టబోతుంటే వెంటనే 112కు ఫోన్ చేయండి.

మీరు ఆపిన మాట ఒక ప్రాణం నిలబెట్టవచ్చు.