గాలి ఆగిన తర్వాత

(సమాఖ్య వార్షికోత్సవ సభలో బరంపురం నేత కుటుంబాల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం నుంచి వచ్చాం. మా ఊళ్లో దసరా అంటే అమ్మవారి పండగ, పక్కనే తుపాను భయం కూడా. 1999 అక్టోబరు 17న గోపాలపూర్ దగ్గర తుపాను తీరం దాటింది. 12 రోజులకే పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్. 2013 అక్టోబరు 12 రాత్రి, దుర్గాష్టమి నాడు, ఫైలిన్. 2018 అక్టోబరు 11న తిత్లీ. ఆ నెల వచ్చిందంటే మావాళ్లకి క్యాలెండరు చూడకుండానే ఒంట్లో తెలిసిపోతుంది.

ఫైలిన్‌కి ముందు ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ఖాళీ చేయించారు. 1999 సూపర్ సైక్లోన్‌లో వేలల్లో పోయిన ప్రాణాలు ఈసారి పదుల్లోనే పోయాయి. అది చిన్న సంగతి కాదు. మరి బతికినవాళ్ల మాట? నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఇంటి కప్పు గురించి అడిగారు, మగ్గం గురించి అడిగారు, పట్టు ఎంత తడిసిందని అడిగారు. రాత్రి నిద్ర పడుతోందా అనే గడి ఆ కాగితంలో లేదు.

మా వీధిలో ఒక మామ ఉన్నారు. చెయ్యి తిరిగిన నేతగాడు. గాలికి రేకులు టకటకమంటే చాలు, నాడె వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. అంచులో పోగులు తప్పుతున్నాయి, చీరలు వెనక్కి వస్తున్నాయి. వయసు మీదపడిందని ఇంట్లోవాళ్లు అన్నారు. తాగుడని షావుకారు అన్నాడు. తాగుడు ఉంది, కాదనం. కానీ అది నిద్ర కోసం మొదలైన తాగుడు.

ప్రాణభయం కలిగినప్పుడు ఒళ్లు కాపలాకి లేస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, చెవి ప్రతి చప్పుడుకీ నిక్కుతుంది. ఆపద పోయాక చాలామందిలో అది వారాల్లో, నెలల్లో సద్దుమణుగుతుంది. భయపడినవాళ్లంతా రోగులు కారు. కొందరిలో మాత్రం ఆ కాపలా దిగదు. పీడకలలు, ఉలికిపాటు, చిరాకు, ఎవరితోనూ కలవబుద్ధి కాకపోవడం. నెల దాటినా ఇవి తగ్గకుండా పనికి అడ్డొస్తుంటే డాక్టరుకి చూపించాల్సిందే. ఆడవాళ్లలో తరచుగా ఇది తలనొప్పిగా, గుండె దడగా, ఒళ్లునొప్పులుగా బయటపడుతుంది. పరీక్షల్లో ఏమీ కనబడలేదంటే బాధ లేదని కాదు. పిల్లల సంగతి ఇంకా వేరు. పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం, చదువులో వెనకబడడం. సూపర్ సైక్లోన్ వచ్చిన ఏడాదికి బాధిత ప్రాంతాల బడిపిల్లల్ని పరీక్షిస్తే, 10 మందిలో సుమారు ముగ్గురిలో ఈ జబ్బు కనిపించింది.

శరీరానికీ దెబ్బే. నీళ్లు నిండిన మగ్గం గుంట తోడేసినా చెమ్మ నెలల తరబడి పోదు. గోడలకి బూజు, దానితో దగ్గు, ఆయాసం. బీపీ, షుగరు మాత్రలు ఆ గొడవలో ఆగిపోతే అవి మళ్లీ దారికి రావడానికి చాలా కాలం పడుతుంది.

ఇది మా ఒక్క ఊరి మాట కాదు. యానాంవాళ్లకి 1996 నవంబరు, చెన్నైవాళ్లకి 2015 డిసెంబరు వరద, షోలాపూరువాళ్లకి 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజాము కిల్లారి భూకంపం గుర్తుండే ఉంటాయి.

మాట్లాడి చేసే వైద్యం ఉంది, మందులూ ఉన్నాయి. ఏళ్లు గడిచినా పనిచేస్తాయి. "ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పు" అని ఎవర్నీ బలవంతపెట్టకండి. పక్కన కూర్చోండి, చెబితే వినండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి. "పిచ్చి డాక్టరు" అనే మాట మాత్రం దయచేసి మానేద్దాం, ఆ ఒక్క మాటకే సగం మంది గుమ్మం దాటడం లేదు. వెళ్లలేనివాళ్లు 14416కి ఫోను చెయ్యొచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్. డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

మా సంఘం తరఫున ఒక కోరిక. ఇకపై ఎక్కడ ఆపద వచ్చినా సమాఖ్య రాసుకునే నష్టాల జాబితాలో మగ్గం, నూలు, కప్పు తర్వాత ఇంకో గడి పెట్టండి: ఇంట్లో ఎవరికి నిద్ర పట్టడం లేదు? ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి అదే ఇంటికి మళ్లీ వెళ్లి అడగండి. బరంపురంలో ఆ పనికి మేము సిద్ధంగా ఉన్నాం.