దగ్గర దారి అమ్మిన సీప్లేన్లు



2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ప్రయోగాత్మకంగా ఎగిరింది. ఆ రోజు నుంచి నలుగురు కలిసిన చోటల్లా ఒకటే ప్రశ్న: ఇది నిలబడుతుందా? జవాబు కోసం నూట పదేళ్లు వెనక్కి వెళ్దాం. ఈ వ్యాపారం మొదట చేసి చేతులు కాల్చుకున్నవాళ్లు అక్కడున్నారు.

అమెరికాలో ఫ్లోరిడా. టాంపా, సెయింట్ పీటర్స్‌బర్గ్ అని రెండు ఊళ్లు, నడుమ అఖాతం. నీటి మీదుగా వెళ్తే ముప్పై కిలోమీటర్ల చిల్లర. స్టీమరుకు రెండు గంటలు. రైలెక్కితే అఖాతం చుట్టూ తిరగాలి, పూటంతా పోయేది. పెర్సివల్ ఫాన్స్‌లర్ అనే అమ్మకాల మనిషి కన్ను ఆ చుట్టుదారి మీద పడింది. సెయింట్ లూయిస్‌లో ఫ్లయింగ్ బోట్లు, అంటే పడవలా నీటి మీద దిగే విమానాలు కట్టే టామ్ బెన్వాతో మాట్లాడాడు, ఊరి పెద్దలను ఒప్పించాడు. 1913 డిసెంబరు 17న ఒప్పందం రాసుకున్నారు. రైట్ సోదరులు ఎగిరి ఆ రోజుకు సరిగ్గా పదేళ్లు.

రెండు వారాలకే, 1914 జనవరి 1న, తొలి సర్వీసు బయల్దేరింది. పైలట్ టోనీ జానస్. పక్కన ఒక్కటే సీటు. దాన్ని వేలం వేస్తే మాజీ మేయర్ అబ్రామ్ ఫీల్ 400 డాలర్లకు పాడుకున్నాడు. 23 నిమిషాల్లో టాంపా చేరారు. దారిలో ఇంజిన్ మొరాయిస్తే నీటి మీద దిగి సరిచేసుకున్నారని కూడా చెబుతారు. ఈ కథలో నాకు బాగా నచ్చేది అదే. ఆ కాలపు ఇంజిన్ ఎప్పుడు ఆగేదీ ఎవరికీ తెలియదు. ఆగితే కింద పొడవునా నీళ్లే, అంటే దారి పొడవునా దిగే చోటే. విమానాశ్రయాలు దాదాపు లేని రోజుల్లో తొలి విమాన సర్వీసు నీటి మీద పుట్టడంలో వింతేమీ లేదు.

మామూలు టికెట్ ఐదు డాలర్లు. సామానుతో కలిపి మనిషి 200 పౌండ్లు, అంటే 90 కిలోలు దాటితే అదనంగా కట్టాలి. (మన పెళ్లి భోజనాల మీద నుంచి లేచి వెళ్తే ఎంతమందిని ఎక్కనిచ్చేవారో!) ఆదివారం తప్ప రోజుకు రెండుసార్లు వెళ్లి రావాలని షరతు. నష్టం వస్తే ఆదుకుంటామని పట్టణమూ అక్కడి వ్యాపారులూ ముందే హామీ ఇచ్చారు. నాలుగు నెలల్లో 1,205 మంది ప్రయాణించారు, ఒక్కరికీ పెద్ద దెబ్బ తగల్లేదు. అయినా వేసవి ముందే మూతపడింది. చలికాలం గడపడానికి వచ్చిన ఉత్తరాది వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు, హామీ గడువు మార్చితో తీరిపోయింది. జానస్ 1916లో రష్యాలో పైలట్లకు శిక్షణ ఇస్తూ ప్రమాదంలో పోయాడు. బెన్వా మరుసటి ఏడాది ట్రామ్‌లో వెళ్తుండగా తల స్తంభానికి తగిలి పోయాడు. 1924లో అఖాతం మీద గాండీ వంతెన కట్టారు. చుట్టుదారే పోయాక ఇంకెవరికి కావాలి ఈ బోటు?

తర్వాత వచ్చినవాళ్లు డబ్బు వేరే చోట వెతికారు. అమెరికాలో 1920లో మద్యనిషేధం వచ్చింది. ఏరోమెరీన్ కంపెనీ మొదటి ప్రపంచయుద్ధంలో మిగిలిపోయిన నౌకాదళపు ఫ్లయింగ్ బోట్లు కొని, దాహంతో ఉన్న పెద్దమనుషులను ఫ్లోరిడాలోని కీ వెస్ట్ నుంచి మద్యం దొరికే క్యూబాలోని హవానాకు చేర్చింది. తపాలా కాంట్రాక్టు కూడా తోడైంది. 1923లో ఒక బోటు ఇంజిన్ చెడి సముద్రంలో దిగినప్పుడు నలుగురు చనిపోయారు. మరుసటి ఏడాది కంపెనీ లేదు. సియాటిల్‌లో ఎడ్డీ హబ్బర్డ్ జనాన్ని నమ్ముకోలేదు, ఉత్తరాలను నమ్ముకున్నాడు. ఆసియా వెళ్లే ఓడలు ఆగే కెనడాలోని విక్టోరియాకు బోయింగ్ బీ-1లో తపాలా సంచులు చేరవేసి ఏళ్ల తరబడి నిలబడ్డాడు. సంచికి భయం లేదు, సీజన్ లేదు.

వీళ్లందరిలో నా ఓటు మాత్రం కొలంబియాకే. 1919 డిసెంబరులో అక్కడి బరాంకియాలో స్కాడ్టా అనే విమాన కంపెనీ పెట్టారు. తీరం నుంచి రాజధాని వైపు వెళ్లాలంటే మగ్దలేనా నదే దారి. నీళ్లు తగ్గితే స్టీమర్లు ఇసుక మేటల్లో కూరుకునేవి, ప్రయాణం వారాలకు సాగేది. యుంకర్స్ ఎఫ్-13 లోహపు విమానానికి చక్రాల బదులు తేలే పడవలు బిగించి, ఆ దూరాన్ని కొన్ని గంటలకు కుదించారు. ప్రభుత్వ అనుమతితో సొంత తపాలా బిళ్లలు కూడా అచ్చేసుకున్నారు. అక్కడ చుట్టుదారి ఏడాదంతా ఉంది, తపాలా రాబడి ఏడాదంతా ఉంది. ఆ కంపెనీయే నేటి అవియాంకా.

ఇక నీటితో వచ్చే చిక్కు మన ఇంజినీర్లకు వేరే చెప్పక్కర్లేదు. చెక్క బోటు నీళ్లు పీల్చి బరువెక్కేది, ఉప్పు ఇంజిన్‌ను తినేసేది. నీరు అద్దంలా కదలకుండా ఉన్నరోజు బోటు అడుగు అంటుకుపోయి పైకి లేవనంటుంది. కొద్దిగా అలలుంటేనే తేలిక. రన్‌వే ఖర్చు మిగిలిందనుకుంటే అదంతా మరమ్మతుల్లో పోయేది. మయామీ నుంచి బహామాస్‌కు తిరిగిన చాక్స్ కంపెనీ దశాబ్దాలు నడిచింది కదా అంటారు. నిజమే, కానీ 2005లో 1947 నాటి విమానానికి లోహం అలసి రెక్క ఊడి 20 మంది పోయారు. రెండేళ్లలో అదీ మూతపడింది.

మన దేశంలో సబర్మతి–కేవడియా సర్వీసు 2020 అక్టోబరు 31న మొదలై మరుసటి ఏడాదే ఆగింది. శ్రీశైలానికి చుట్టుదారి ఉంది, నల్లమల ఘాట్ రోడ్డు ఎక్కినవారికి చెప్పాల్సిన పని లేదు. శివరాత్రికీ కార్తీకానికీ సీట్లు నిండుతాయి, సందేహం లేదు. మీరు అధికారులను కలిసినప్పుడు సర్వీసు ఎప్పుడు మొదలవుతుందని అడక్కండి. ఆషాఢంలో మంగళవారం నాడు ఖాళీగా వెళ్లే సీట్ల డబ్బు ఎవరు కడతారో, ఎన్నేళ్లు కడతారో ముందే ఒప్పందంలో రాయమని అడగండి.