పసిపిల్లలు – పరిసరముల సంరక్షణము



నేడు నేను విన్నవింప దలచిన విషయము మన పసిపిల్లలకు గాలి, నీరు, నేల, చెట్టుచేమల యెడల శ్రద్ధ నేర్పుట. దీనినే ఇప్పటివారు పర్యావరణ విద్య యనుచున్నారు. పేరు క్రొత్తదే కాని పని ప్రాతది. గృహస్థు దినదినము చేయవలసిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. తాను భుజించుటకు ముందు కాకికిని, చీమకును, కుక్కకును ఒక ముద్ద విడుచుట అందలి ఆచారము. ఆ ముద్దను వేయు పని పూర్వము కొన్ని ఇండ్లలో పిల్లలకు అప్పగించెడివారు.

విశాఖపట్టణ ప్రాంతమున ఈ విద్య అవసరము మరింత హెచ్చు. 1933వ సంవత్సరమున ఇచ్చట రేవు తెరువబడెను. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమయ్యెను. వీనివలన వేలకొలది కుటుంబములకు జీవనము దొరకినది. వానిని దూషించుట నా ఉద్దేశము కాదు. అయినను బొగ్గును, ఇనుపరాతిని దింపుచు నెక్కించుచు నుండు చోట ధూళి లేచును. అది చెట్ల ఆకులపైనను, బిడ్డల ఊపిరిలోను చేరును. ఆ ధూళిని అణచుట ప్రభుత్వము వారి పని, యజమానుల పని; ఆ భారమును పసివాని తలపై పెట్టరాదు. కాని రేపు ఆ రేవును, ఆ కర్మాగారమును నడుపబోవువారు నేటి పిల్లలే. వారికి ఇప్పుడు ఎట్టి అలవాటు పడునో, రేపు ఊరి స్థితియు అట్లే యుండును.

1991లో సుప్రీముకోర్టు వారు పర్యావరణ విషయమును పాఠశాలలలో బోధింపవలెనని ఆదేశించిరి. పాఠ్యపుస్తకములలో పాఠములు చేరినవి. మంచిదే. అయితే చాలకాలము బడిలో పనిచేసినవాడను గనుక ఒక మాట చెప్పుదును. “చెట్లను పెంచవలెను” అను వాక్యమును తప్పులేకుండ వ్రాసి, పదింట పది మార్కులు పొందిన బాలుడే, ఇంటికి పోవుచు దారిలో వేపకొమ్మను విరిచి పారవేయును. వానికి వాక్యము వచ్చినది గాని చెట్టుతో పరిచయము కాలేదు.

కాబట్టి మొదట పేర్లు నేర్పవలెను. ఇందుకు మన పెద్దలు వినాయకచవితిని ఏర్పరచిరేమో యనిపించును. ఆనాటి పూజకు 21 పత్రులు కావలెను. మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, వావిలి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు – ఇవన్నియు అందులోనివే. నేడు సంతలో కట్టగట్టి అమ్ము ఆకులను కొని తెచ్చి, ఏది ఏదో తెలియకయే పూజ ముగించుచున్నాము. తాతగారు మనుమని చేయి పట్టుకొని చెరువుగట్టు వెంట నడిపించి, ఒక్కొక్క చెట్టునుండి కావలసినంత మాత్రమే కోయించినచో, ఒక్క ఉదయమున పది పేర్లు వచ్చును. మితముగా గ్రహింపవలెనను నియమమును వచ్చును.

పిమ్మట కన్నులకు చూపవలెను. విశాఖ తీరమునకు ఏటేట చలికాలపు తుదిలో ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేళ్లు వచ్చి, రాత్రివేళ ఇసుకలో గుంట త్రవ్వి, నూటికి అటునిటుగా గ్రుడ్లు పెట్టి, మరల కడలిలోనికి పోవును. కుక్కలు, నక్కలు ఆ గ్రుడ్లను తినివేయును. అందుచేత అటవీశాఖవారు మత్స్యకారుల సాయమున వానిని సేకరించి, కంచె వేసిన ఇసుకతావులలో పాతిపెట్టి కాపాడుచున్నారు. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. అవి వెలుతురున్న దిక్కునకు ప్రాకును. పూర్వము రాత్రివేళ కడలియే వెలుతురుగా నుండెడిది, ఇప్పుడు వీథిదీపములు వానిని దారి తప్పించుచున్నవి. పెద్దవైన తాబేళ్లు నీట తేలు ప్లాస్టిక్ సంచిని జెల్లీచేప యని భ్రమసి మ్రింగును. ఈ సంగతి చెప్పి, అరచేతియంత యైనను లేని ఆ పిల్ల అలలలో కలియుటను ఒక్కసారి చూపినచో, ఆ బాలుడు సంచిని ఒడ్డున విసరుటకు వెనుదీయును. ఆ తాబేలు పెరిగి గ్రుడ్లు పెట్టుటకు పది పదునైదేండ్లు పట్టును. అప్పటికి మన బాలుడును గృహస్థుడగును. అది తిరిగి వచ్చునాటికి తీరము మిగిలియుండునా యనునది వాని తరముపై ఆధారపడియున్నది.

తుదకు చేతికి పని యియ్యవలెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటరుల వేగముగల గాలితో విశాఖపై బడెను. నగరమున లెక్కకు మించిన చెట్లు వేళ్లతో కూడ పెల్లగిలెను. కంబాలకొండ అడవి మోడువారెను. అటుపిమ్మట మొక్కలు నాటు ఉత్సవములకు కొదువ లేదు. నాటిన నాడు ఫొటో తీయించుకొందుము. మరునాడు నీరు పోయువా రెవరు? నా బడిలో ఒక వేపమొక్కను ఇద్దరు పిల్లలకు అప్పగించి, ప్రతి పున్నమికి దాని కాండమును దారముతో కొలిపించి, ఆ దారమును తేదీ వ్రాసి దాచించెడివాడను. వేసవి సెలవులలో నీరు పోయువంతు ఎవరిదో ముందే నిర్ణయించెడివారము. నాటిన మొక్కలకు నేను మార్కులు వేయలేదు. మూడు వేసవులు దాటిన మొక్కలకే వేసితిని. వాదులాడుకొను పిల్లలు సైతము తమ మొక్క యెదుట ఏకమగుట చూచితిని.

పెద్దలారా! ఇంకొక్క మాట. మనము చెరువులో చెత్త పోయుచు, ఇంటిముంగిట ప్లాస్టిక్‌ను కాల్చుచు పిల్లలకు నీతులు చెప్పినచో ఫలము లేదు. వారు మన నోటిని వినుటకంటె మన చేతులను చూచుటయే ఎక్కువ. కాబట్టి ఈ వానకాలమునకు ప్రతి పెద్దయు ఒక బిడ్డను జత చేసికొని, ఊరి ఉమ్మడి స్థలమున ఒక వేపనో, కానుగనో, తాటినో నాటవలసినదిగా ప్రార్థించుచున్నాను. తాటిచెట్టు మీకు నీడ యీయకపోవచ్చును, మీ కాలమున కాపునకును రాకపోవచ్చును. అది ఎవరికొరకు నాటితిరో మీ ప్రక్కన నిలిచి నీరు పోసిన బిడ్డకు తెలియును. నాకు చాలునది అదియే.