కొత్త ఉప్పునీటి తొట్టిలో పాలనీళ్ళు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగ విరమణ తర్వాత కాలక్షేపాల గురించి మాట్లాడమన్నారు. నా కాలక్షేపం ఉప్పునీటి చేపల తొట్టి. మన సభ్యుల్లో ఇద్దరు ముగ్గురు ఇటీవల మొదలుపెట్టి, నాలుగో రోజుకే నీళ్ళు పాలలా తెల్లబడ్డాయని బెంగపడుతున్నారు. అందుకే ఆ ఒక్క విషయమే చెబుతాను.

మొదట ఆ తెలుపు ఏమిటో తేల్చుకోవాలి. ఒక గాజు గ్లాసులో ఆ నీరు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున మట్టి పేరుకుంటే అది ఇసుక ధూళి. పేరుకోకుండా పొగమంచులా అలాగే ఉంటే చాలావరకు బాక్టీరియా అనుకోవచ్చు.

కొత్త తొట్టిలో బాక్టీరియా రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒక రకం కుళ్ళే పదార్థాన్ని తిని బతుకుతుంది. అనుకూలిస్తే గంట తిరక్కుండానే రెట్టింపవుతుంది. నీళ్ళు తెల్లబడేది దీనివల్లనే. రెండో రకం అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేసి చూపినది ఈ కోవ జీవులనే. ఇవి రెట్టింపు కావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. రాళ్ళకూ, ఇసుకకూ, ఫిల్టరుకూ అంటుకుని పెరుగుతాయి. మనకు కావలసినవి ఇవే. మొదటివి వచ్చిపోయే చుట్టాలు, రెండోవి ఇంటిమనుషులు.

నేను ఉద్యోగమంతా మంచినీటి ప్రయోగశాలలో చేశాను. క్లోరిన్ వేసి బాక్టీరియాను చంపడమే మా పని. అయినా స్లో శాండ్ ఫిల్టరు గురించి తెలిసినవారికి ఇది కొత్త కాదు. ఇసుక మార్చిన కొత్తలో ఆ ఫిల్టరు నీటిని సరిగా శుద్ధి చేయదు. పైన జీవపు పొర కట్టేదాకా ఆగాలి. తొట్టి కూడా అంతే.

2023 వేసవిలో నేను 200 లీటర్ల తొట్టి పెట్టాను. లీటరుకు 35 గ్రాముల లెక్కన 7 కిలోల సముద్రపు ఉప్పు మిశ్రమం, క్లోరిన్ తీసిన నీరు. అమ్మోనియా పుట్టడానికి ఒక పచ్చి రొయ్య. ఐదో రోజుకు వెనక గోడ కనపడలేదు. మెత్తబడిన రొయ్యను తీసేశాను. పంపు మూతిని పైకి తిప్పి నీటి పైభాగం బాగా కదిలేలా చేశాను. ఆ బాక్టీరియా ప్రాణవాయువును లాగేస్తుంది. పైగా ఉప్పునీటిలో, అందులోనూ వేడినీటిలో, అది తక్కువే కరుగుతుంది. మరేమీ చేయలేదు. పదో రోజుకు నీరు తేటబడింది.

సెలవులకు వచ్చిన మనవరాలు "తాతయ్యా, నీళ్ళు బాగుపడ్డాయిగా, ఇవాళే చేపలు తెద్దాం" అంది. పరీక్ష చేస్తే అమ్మోనియా ఇంకా ఉంది. సముద్రపు నీటి క్షారగుణం వల్ల దాని విషం మరింత ఎక్కువ. నీరు తేటబడటం వేరు, సిద్ధపడటం వేరు అని చెప్పాను. దానికి నచ్చలేదు. మా ఆవిడ కూడా "పిల్ల ముచ్చట తీర్చకూడదా" అంది. నేను ఒప్పుకోలేదు. సెలవులు అయిపోయి, అది ఖాళీ తొట్టినే చూసి ఊరెళ్ళింది. ఆ రోజు ఇంట్లో ఎవరం సరిగా మాట్లాడుకోలేదు. అమ్మోనియా సున్నాకు వచ్చింది 24వ రోజున, నైట్రైటు 37వ రోజున. అప్పుడు రెండు క్లౌన్ చేపలు తెచ్చాను. దసరాకు వచ్చినప్పుడు వాటికి మేత వేసింది మనవరాలే.

కనుక మిత్రులారా, నీళ్ళు తెల్లబడితే ఇవి గుర్తుంచుకోండి. కొత్త చేపలు వేయకండి. తొట్టి మొత్తం ఖాళీ చేసి కడగకండి. ఫిల్టరు స్పాంజిని కుళాయి నీటితో ఉతక్కండి. క్లోరిన్ మంచి బాక్టీరియాను చంపుతుంది. యాంటీబయాటిక్ మందులు పోయకండి. అప్పటికే చేపలుంటే మేత బాగా తగ్గించి, గాలి పెంచి, అమ్మోనియా కనపడితే అదే ఉప్పదనం, అదే వెచ్చదనం ఉన్న నీటితో ఐదో వంతు మార్చండి. సాధారణంగా కొద్ది రోజుల్లో, మహా అయితే వారం పది రోజుల్లో, తెలుపు దానంతటదే పోతుంది. తొట్టి పూర్తిగా సిద్ధపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇంకో మాట. సముద్రం దగ్గరే కదా అని మురుగు కలిసే ఒడ్డున నీళ్ళు ముంచుకురాకండి. పగడపు రాళ్ళు ఏరి తేవద్దు. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. చేపలను హేచరీలో పుట్టినవి అడిగి కొనండి.

గ్రాట్యుటీ డబ్బు పెట్టి కొన్న తొట్టిని తెల్లనీళ్ళు చూసి అటకెక్కించకండి. డబ్బు కంటే ముందు అందులో పెట్టాల్సింది ఓపిక. అది మన వయసు వారి దగ్గర లేకపోలేదు. సందేహాలున్నవారు భోజనాల వేళ నన్ను అడగవచ్చు.