నీతి అనే మాట
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా అబ్బాయి ఉద్యోగరీత్యా నేను మాదాపూరులో ఉంటున్నాను. ఆమధ్య మనుమరాలు బడి పుస్తకం పట్టుకొచ్చి "తాతయ్యా, నీతి అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగింది. ముప్పయ్యేళ్లు నోటు ఫైళ్లు రాసినవాణ్ణి, తెల్లమొహం వేశాను. నిఘంటువు తీయక తప్పలేదు.

సంస్కృతంలో 'నీ' ధాతువుకు తీసుకుపోవడం, నడిపించడం అని అర్థం. నేత, నాయకుడు, వినయం దాని సంతానమే. కన్నును నయనం అనడమూ అందుకే. మనల్ని నడిపించేది కదా! ఇంగ్లీషు 'మోరల్' దారి వేరు. లాటిన్‌లో 'మోస్' అంటే ఆచారం. గ్రీకుల 'ఎథికోస్'కు సాటిగా 'మొరాలిస్' అనే మాటను సిసిరో కల్పించాడు. అంటే అది నలుగురూ నడిచే తీరు, మనది నడిపించేది. ఈ తేడా నాకు చిన్నదిగా తోచలేదు.

పనిలో పనిగా 'సత్యం' కూడా చూశాను. 'సత్' అంటే ఉన్నది. మా పేటలో ఆ మాటెత్తితే కంపెనీయే గుర్తొస్తుంది లెండి. 1987లో మన హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్‌కు, పరిపాలన బాగుందని 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజుగారు లెక్కలు తప్పని తామే ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు! మొదట చిన్న తేడాయేనట. ఏటేటా పెరిగి, పులినెక్కి దిగలేని స్థితి అయిందట. అవార్డు వెనక్కిపోయింది. కంపెనీని అదే ఏడాది టెక్ మహీంద్రా తీసుకున్నది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది; అప్పీలుకు వెళ్లారు.

అప్పట్లో నేనూ అందరితోపాటు తిట్టినవాణ్ణే. మనుమరాలు అడిగాక మాత్రం ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. 1981లో, ఏ ఆఫీసన్నది ఇప్పుడెందుకు, మార్చి 31 సాయంత్రం స్టాకు రిజిస్టరు నా బల్ల మీదికి వచ్చింది. స్టోరు గది తాళమైనా తీయలేదు. "అందరూ పెట్టేదేనయ్యా" అన్నారు పైవారు. 'సరిచూడడమైనది' అని రాసి సంతకం పెట్టాను. మరుసటి ఏడు తేడా బయటపడి, స్టోరు చూసే అటెండరు జీతంలో కోత పడింది. అతనికి ముగ్గురు పిల్లలు. నేను నోరు విప్పలేదు.

ఇది మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మనుమరాలికి నిఘంటువులోది మాత్రమే చెప్పాను. ఈ ప్రసంగం ప్రత్యేక సంచికలో వేస్తామని కార్యదర్శిగారు అంటున్నారు. వేయండి. మా మనుమరాలు తెలుగు చదవగలదు.

సెలవు.