వ్యాపారపు నుడికారము - మన వ్యవహారము

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. పగలు జమాఖర్చులు వ్రాయుట నా వృత్తి. రాత్రి భారత భాగవతములు చదువుకొనుట నా అభిరుచి. ఈ రెండింటికిని నడుమ నొక చుట్టరికము గలదు. అంకె తప్పినచో పద్దు చెడును. మాట యర్థము తప్పినచో పద్యము చెడును. వ్యాపారమున అంకెయు మాటయు కలిసియే వచ్చును. అందుచేత వ్యాపారలోకమున వాడుకలోనున్న ఆంగ్ల నుడికారములను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయుదును.

ఇది పట్టణమువారి సంగతి గదా, మనకేల యని కొందరనవచ్చును. తుర్కపల్లి చుట్టుప్రక్కల 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ మన పొరుగుననే యున్నది. మన పిల్లలు కంపెనీ కొలువులకు పోవుచున్నారు. ఔటర్ రింగు రోడ్డు శామీర్‌పేట మీదుగా సాగుచున్నది. భూముల బేరములు, అప్పుల పత్రములు, బీమా కాగితములు మన గడపలోనికే వచ్చుచున్నవి. వానిలోని భాష ఆంగ్లము. అక్షరము వచ్చినంత మాత్రమున పలుకుబడి వచ్చినట్లు కాదు.

నుడికారమనగా నేమి? విడివిడి మాటల అర్థము వేరు, కలిసిన మాటల అర్థము వేరు అగుటయే. "ఆ బాకీకి నీళ్లు వదలుకొనుము" అన్నచో చెంబు వెదకువాడు తెలుగువాడు కాడు. తిక్కన సోమయాజి భారతము మనకింత యింపుగా నుండుటకు అందలి తెలుగు నుడికారమే ముఖ్య కారణము. పరభాష నుడికారమును అట్లే మనము గ్రహింపవలెను. ముక్కకు ముక్క అర్థము చెప్పుకొనినచో ప్రమాదము.

వ్యాపారపు మాటలు ఎప్పుడును ఏలినవారి వెంటను, బేరగాండ్ర వెంటను వచ్చినవే. నిజాము రాజ్యమున 1880ల వరకు పారసీయు, పిదప ఉర్దూయు ప్రభుత్వ భాషలు. బాకీ, వసూలు, రసీదు, జామీను, బయానా, దస్తావేజు - ఇవి యన్నియు అటు వచ్చి మన యింటి మాటలైనవి. మన ఊరు లాల్‌గడి మలక్‌పేట్ పేరులోని "లాల్" అను మాటయు అట్టిదే. ఎఱుపని దాని యర్థము. హైదరాబాదు రూపాయిని హాలీ యనియు, ఇంగ్లీషువారి రూపాయిని కల్దారనియు మన పెద్దలు పిలిచెడివారు. ఏడు హాలీలకు ఆరు కల్దారులు మారకము. ఏ రూపాయియని అడుగక బేరమాడినవానికి ఏడింట నొకటి పోవును. ఒక్క మాట తెలియుటకును తెలియకుండుటకును అంత భేదము.

ఇంగ్లీషువారికిని ఈ బాధ తప్పలేదు. కచ్చేరీ కాగితములలోని మాటలు దొరలకు బోధపడెడివి కావు. అప్పుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను వ్యవహార పదముల నన్నిటిని కూర్చి, రోమను లిపిలో 1852లో "జిల్లా డిక్షనరీ" యను నిఘంటువును వెలువరించెను. ఆ నాడు మన మాట తెలియక దొర నిఘంటువు చేసికొనెను. నేడు దొర మాట తెలియక మనము సంతకము చేయుచున్నాము. ఈ తేడా గమనింపదగినది.

ఇక ఆంగ్ల నుడికారములలోనికి వత్తము. మొదట లెక్కల పుస్తకమునుండి పుట్టినవి. "ఇన్ ది రెడ్" అనగా ఎఱుపులో నున్నాడని. నష్టమును ఎఱ్ఱసిరాతో వ్రాయు వాడుకనుండి వచ్చినది. అప్పులలో నున్నాడని భావము. "ఇన్ ది బ్లాక్" అనగా నల్లసిరాలో నున్నాడని, అనగా లాభములో నున్నాడని. మనకు నలుపు అశుభము, ఎఱుపు కుంకుమవలె శుభము. కావున ముక్కకు ముక్క అర్థము చెప్పుకొనువాడు నష్టమును లాభముగా తలచును. "బాటమ్ లైన్" అనగా అడుగు పంక్తి. జమయు ఖర్చును తీసివేయగా చివర మిగిలిన లాభనష్టమే యది. తుదకు తేలిన మాట యని సామాన్యార్థము. "రెడ్ టేప్" అనగా సర్కారు కాగితముల కట్టలకు కట్టు ఎఱ్ఱపట్టీ. ఆ ముడి విప్పువాడు లేక పని నిలిచిపోవుట దాని భావము.

జంతువుల పేర వచ్చినవి కొన్ని. "క్యాష్ కౌ" అనగా మేత కొద్దిగా వేసినను ఎల్లకాలము పాలిచ్చు పాడియావువంటి వ్యాపారము. "వైట్ ఎలిఫెంట్" అనునది సయాము దేశపు కథనుండి వచ్చినదందురు. రాజు తనకు గిట్టని వానికి తెల్లయేనుగును బహుమానమిచ్చునట. దానిని పనికి వాడరాదు, మేపక తప్పదు. ఇంటిమీద ఇల్లు కట్టి అద్దెకు రాక పన్ను కట్టువానికి దీని యర్థము వేరుగా చెప్పనక్కరలేదు. "లయన్స్ షేర్" ఈసపు కథలోనిది. అందలి సింహము వేటలో పెద్దపాలు గాదు, అన్ని పాళ్లును తానే తీసికొనెను. మన పత్రికలవారు దీనిని "సింహభాగము"గా మార్చి అధికభాగమను అర్థమున వాడుచున్నారు.

షేర్ల సంతలో "బుల్", "బేర్" అని రెండు మాటలు. ఆబోతు కొమ్ములతో పైకి ఎగజిమ్మును గనుక ధర పెరుగునని నమ్మువాడు ఆబోతు. ఎలుగుబంటి పంజాతో క్రిందికి కొట్టును గనుక ధర పడునని యెంచువాడు ఎలుగు అని చెప్పుదురు. మాట వినుటకు వేడుకగానున్నది. అయితే ఫ్యూచర్స్, ఆప్షన్స్ అను బేరములలో దిగిన చిన్నమదుపరులలో నూటికి 93 మంది, 2022 నుండి 2024 వరకు గడచిన మూడు ఆర్థిక సంవత్సరములలో నష్టపడిరని సెబీ సంస్థయే 2024లో ప్రకటించినది. సెల్‌ఫోనులో ఈ ఆట నేర్చుచున్న యువకులు ఆబోతు పేరుతోపాటు ఆ అంకెను గూడ నేర్చుకొనవలెను.

"డెడ్‌లైన్" అను మాట పుట్టుక భయంకరము. అమెరికా అంతర్యుద్ధకాలమున, 1864లో, ఆండర్సన్‌విల్ అను చెరసాలలో ఒక గీత యుండెడిది. అది దాటిన ఖైదీని కాల్చివేయుదురు. ఆ మాటయే నేడు పని ముగింపవలసిన గడువునకు వాడబడుచున్నది. మన "గడువు" అను మాటలో కొంత దయ గలదు, అడిగిన పెంచుదురను ఆశ గలదు. కంపెనీ కాగితములో గడువు దాటినచో జరిమానా తప్పదు.

మన నుడికారము దీనికి తీసిపోయినది కాదు. ధాన్యము కొలుచువాడు "ఒకటి" అనక "లాభము" అని మొదలుపెట్టును. ఏడుపు ధ్వనించునని "ఏడు" అనక "ఆరున్నొకటి" యనును. ఎంచక చెప్పినది కాకిలెక్క. కొన్న సరుకుమీద పైన వేయునది కొసరు. ఇంగ్లీషువారును పదమూడింటిని "బేకర్స్ డజన్" అందురు; తూకము తగ్గినచో శిక్ష పడునని రొట్టెలవారు పన్నెండింటికి మరియొకటి కలిపెడివారట. అచ్చట భయముచేత పుట్టినది, ఇచ్చట మర్యాదచేత నిలిచినది.

"దివాలా" అనునది చూడుడు. పూర్వము అప్పు తీర్చలేని వర్తకుడు పట్టపగలు అంగడిలో దీపము పెట్టెడివాడనియు, అందుండి ఈ మాట వచ్చినదనియు పెద్దలందురు. ఇంగ్లీషువారి "బ్యాంక్రప్ట్" ఇటలీ భాషనుండి వచ్చినది. విరిగిన బల్ల యని దాని మూలార్థము. డబ్బు మార్చువాని బల్ల విరుగుటయే అతని అంగడి మూతపడుట. నేడు మన ఊళ్లలో ఎవరును ఈ రెండును అనరు, "ఐ.పి. పెట్టినాడు" అందురు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అను మాటల మొదటి అక్షరములవి. 1920 నాటి చట్టమును బట్టి న్యాయస్థానమున వేయు అర్జీ. అర్జీ వేసిన దినముననే అప్పు తీరిపోవునని పెక్కురు భ్రమించుచున్నారు. అర్జీ అర్జీయే, న్యాయస్థానము విచారించి తీర్పు చెప్పవలెను. తాకట్టు పెట్టుకొనినవాని హక్కు అంతటితో పోదు.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచినది. నుడికారము తెలియకపోవుటచేత మన సంచిలోనుండి పోవు డబ్బు మూడు చోట్ల హెచ్చు.

మొదటిది వడ్డీ. మనము "రెండు రూపాయల వడ్డీ" యందుము. నూటికి నెలకు రెండని భావము. ఏడాదికి నూటికి 24. బ్యాంకువారు "12 శాతము" అందురు, అది ఏడాదికి. మన నుడికారములో అది "రూపాయి వడ్డీ"యే. పన్నెండు పెద్దది, రెండు చిన్నదని తలచి బ్యాంకు విడిచి వడ్డీవ్యాపారి కడకు పోవువారు నేటికిని గలరు.

రెండవది "ఫ్లాట్ రేట్" అను మాట. చదునైన రేటని విన సొంపుగా నుండును. లక్ష రూపాయలు 12 శాతము ఫ్లాట్‌కు ఒక యేడాదికి తీసికొంటిరనుకొనుడు. వడ్డీ 12,000, నెలకు కిస్తు 9,333. కాని నెలనెలా అసలు తీరుచునే యున్నది. వడ్డీ మాత్రము మొదటి లక్షమీదనే వేసిరి. తగ్గిన అసలు మీద అదే 12 శాతము వేసినచో కిస్తు 8,885. మొత్తము వడ్డీ సుమారు 6,600 మాత్రమే. అనగా ఫ్లాట్ 12 నిజమునకు 21 పైచిలుకు. 2024 అక్టోబరు 1 నుండి, అప్పిచ్చు బ్యాంకులును ఫైనాన్సు కంపెనీలును ముఖ్యాంశముల పత్రమొకటి అప్పు తీసికొనువానికి తెలిసిన భాషలో ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు శాసించినది. అన్ని ఖర్చులు కలిసిన ఏడాది వడ్డీ అందుండును. దానిని తెలుగులో అడిగి తీసికొనుట మన హక్కు.

మూడవది "గ్యారంటర్" సంతకము. బావమరిది కొఱకు, పొరుగువాని కొఱకు, "సాక్షి సంతకమే గదా" యని వ్రాలు చేయుదురు. సాక్షి వేరు, జామీనుదారు వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, పత్రములో వేరు నియమము లేనిచో, జామీనుదారుని బాధ్యత అప్పు తీసికొన్నవానితో సమానము. వాడు కట్టకున్న పూర్తి బాకీ నీవు కట్టవలెను. చుట్టమును కాదనలేకపోవచ్చును, కాని చేయుచున్నది ఏ సంతకమో తెలిసి చేయవలెను.

"ఫైన్ ప్రింట్" అను నుడికారము గూడ ఇచ్చటనే స్మరింపదగినది. అందమైన అచ్చు కాదు. కంటికి ఆనని చిన్నయక్షరములు. పెద్దయక్షరములలో ఆశయు, చిన్నయక్షరములలో షరతులును ఉండును. చత్వారము వచ్చినవాడు కళ్లజోడు పెట్టుకొని చదువవలసినది ఆ చిన్నవానినే.

నేను ఆంగ్లమును ద్వేషింపుమనుట లేదు. పావులూరి మల్లన సంస్కృతమందలి మహావీరాచార్యుని గణితమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. సంస్కృతము వద్దనలేదు, దానిని మనవారికి అందునట్లు చేసెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయమును స్థాపించిన పెద్దల ఆశయమును అదియే: తెలిసిన భాషలో లోకజ్ఞానము.

కావున కార్యవర్గమువారికి నాదొక విన్నపము. ఈ రజతోత్సవ సంవత్సరమున మన గ్రంథాలయమున ఒక పెద్ద పుస్తకము తెఱచి బల్లమీద పెట్టుడు. మూడు గళ్లు గీయుడు. మొదటి గడిలో కాగితములలో కనబడిన పరభాషా మాట. రెండవ గడిలో దాని తెలుగు. మూడవ గడిలో ఆ మాటవలన మనము ఎవరికేమి బాకీ పడుదుమో. కొలువులకు పోవు పిల్లలు మొదటి గడి నింపుదురు. మాబోటి వారము రెండవది, మూడవది నింపుదుము. సంతకమునకు ముందు ఎవరైన వచ్చి చూచుకొని పోవచ్చును. ఒక్క కుటుంబము ఒక్క తప్పు సంతకమునుండి తప్పించుకొనినను, ఇరువదియైదేండ్లుగా మనము కట్టిన చందాలకు కొసరుతో కూడ ఫలము దక్కినట్లే.